తాబేలుగాడికి పడిన తిట్లు

డైరెక్టరుగారికి ఎవర్నో ఒకర్ని తిట్టనిదే పని సాగేది కాదు. పోనీ కనబడినవాళ్ళనందర్నీ తిట్టేవారా అంటే అదీ లేదు. పుట్టెడు తిట్లూ ఒక్కడికే. వాడు తాబేలుగాడు. అసిస్టెంటట. అసలు పేరేమిటో ఆయన భార్యకు తెలియదు. తెలిస్తే ఏనాడో వెళ్ళి వాడి చెవి మెలిపెట్టి వచ్చేది.

ఆమె క్యారేజీ పట్టుకుని స్టూడియోకు వెళితే గేటు దగ్గరే ఆయన కేకలు ఎదురొచ్చేవి. లైటు స్టాండు పడి బల్బు పగిలితే, "ఒరేయ్ తాబేలూ! స్టాండుకు బరువు కట్టమంటే నీ బుర్రకు కట్టుకున్నావట్రా!" తల్లి వేషాలు వేసే పెద్దావిడ డైలాగు తప్పితే, "తాబేలూ! అమ్మగారికి పాత కాగితం ఇచ్చి చచ్చావా!" వాడు మాత్రం ఆమె కంటబడేవాడు కాదు. ఎప్పుడడిగినా టీలు తేవడానికి వెళ్ళాడనేవారు.

ఇంట్లోనూ అదే గోల. ఆమె పక్కింటావిడతో కబుర్లలో పడి పాలు పొంగిస్తే, ముందుగదిలోంచి ఆయన, "తాబేలూ! నీ మొహం మండ!" అని అరిచేవారు. పెళ్ళాన్ని పల్లెత్తు మాట అనని మనిషి, ఇంటికొచ్చినా ఆ వెధవ ధ్యాసేనా అని ఆమెకు ఒళ్ళు మండిపోయేది.

"వాణ్ణి మాన్పించెయ్యరాదూ?"

"హీరోనైనా మారుస్తాను గానీ వాణ్ణి మార్చనే."

"ఏం, వాడేమన్నా మీ మేనమామ కొడుకా?"

"అంతకంటే ఎక్కువ. వాడు లేకపోతే నా షూటింగే ఆగిపోతుంది."

ఉత్తమ దర్శకుడని అవార్డిచ్చిన నాడు ఆయన వేదికెక్కగానే మైకు కీచుమంది. "ఒరేయ్ తాబేలూ, ఇక్కడికీ దాపురించావా!" అన్నారు. హాలంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. అంత పెద్ద సభలో ఆయన నోట పెళ్ళాం మాట రాలేదు, వాడి పేరొచ్చింది!

ఆయన గుండె బాగాలేదని, కోపం తగ్గించుకోమని డాక్టరు చెప్పాడు. తిట్లు తగ్గలేదు. ఆయన పోయారు. ఎక్కడెక్కడివాళ్ళో వచ్చారు గానీ తాబేలుగాడు రాలేదు. ఆమెకు ఏడుపు కూడా సరిగ్గా రాలేదు. దానిమీద కోపం మూతలా కూర్చుంది.

సంతాపసభ స్టూడియోలోనే పెట్టారు. తీరని లోటు అని పెద్దలంతా చెప్పాక ఆమెను కూడా రెండు మాటలు మాట్లాడమన్నారు. నలుగురిలో నోరెత్తని మనిషి మైకు లాక్కుంది.

"ఎవడండీ ఆ తాబేలుగాడు? ఆయన గుండె కొరుక్కుతిన్నది వాడే! ఆఖరిచూపుకైనా రాని విశ్వాసఘాతకుడు! లేచి నిలబడమనండి, వాడి సంగతి తేలుస్తాను!"

కెమెరామన్ తల గోక్కున్నాడు.

"వదినా, తాబేలుగాడని ఎవడూ లేడు."

"లేకపోతే ఇన్నేళ్ళూ తిట్లు తిన్నదెవడు?"

లైటుమన్ లేచాడు. "బల్బు పగలగొట్టింది నేనమ్మా. తిట్లు మాత్రం వాడికి పడ్డాయి."

పెద్దావిడ కూర్చునే అంది: "నాకు పాత కాగితం ఎవరూ ఇవ్వలేదే తల్లీ. మతిమరుపు నాది. నలుగురిలో నా పరువు పోకూడదని లేనివాడి మీద అరిచేవాడు. మొదట్లో నేనూ నమ్మాను. పాపం, పొద్దస్తమానం తిట్లే తింటున్నాడని వాడికో అరటిపండు దాచాను. అదీ మీ ఆయనే తిన్నాడు."

"మరి ఆ కోపం? డాక్టరు..."

"కోపమెక్కడ వదినా!" అన్నాడు కెమెరామన్. "అరిచి, ఇటు తిరిగి నాకు కన్నుకొట్టేవారు."

ఆమె మైకు కింద పెట్టేసింది. పల్లెత్తు మాట అనలేదని పదిమందితో చెప్పుకుని మురిసిందే! అనకేం? పొంగిన పాలకూ, మాడిన కూరకూ ఎప్పటికప్పుడు అంటూనే ఉన్నారు. "అమ్మ దొంగ మనిషీ!" అంది పైకే.

యూనిట్ అంతా ఆమెను ఇంటిదాకా దిగబెట్టి ముందుగదిలో కూర్చున్నారు. టీ కోసమని ఆమె పాలు పెట్టి, గోడకు తగిలించిన ఆయన టోపీ చూస్తూ నిలబడిపోయింది. పాలు బుస్సున పొంగి స్టవ్వంతా పారాయి.

"ఒరేయ్ తాబేలూ!" అని కేకపెట్టింది ఆమె. "ఎక్కడ చచ్చావురా!"

ముందుగదిలోంచి అందరూ ఒక్క గొంతుతో పలికారు: "ఇక్కడే ఉన్నానమ్మా!"