ఎర్రబడని అంకె

పని సక్రమంగా జరిగితే చాలునని, రంగూ రూపమూ చూసేవాళ్ళ సరదా కోసమేనని చాలామంది అనుకుంటారు. కొత్తపేటలో మేడమీద గదిలో కూర్చుని వెబ్ పేజీలు రాసే వైదేహి కూడా ఏడేళ్ళపాటు అలాగే అనుకుంది. ఆ అభిప్రాయం ఎంతవరకు నిలుస్తుందో ఆమెకు తెలిసింది ముమ్మిడివరం దగ్గర ఒక రొయ్యల చెరువు గట్టు మీద.

ఆమె పనిచేసే చిన్న సంస్థ అమలాపురంలో ఉంది. యజమాని సుధీర్. చెరువుల్లో అమర్చిన పరికరాలు నీటిలోని ఆక్సిజన్‌ను కొలిచి పంపుతాయి. ఆ అంకె రైతు ఫోనులో కనిపించే పేజీ వైదేహి రాసింది. వాడే పద్ధతి కూడా రైతులకు ఆమే చెప్పింది: "అంకెతో మీకు పనిలేదండీ. ఎర్రబడితే ఆక్సిజన్ తగ్గినట్టు, ఏరియేటర్లు వేసి నీళ్ళకి గాలి పట్టించెయ్యండి. నల్లగా ఉంటే నిశ్చింతగా ఉండండి."

ఆ మాటతో రంగు మీద ఎంత బరువు పెట్టిందో ఆమె అప్పుడు ఆలోచించలేదు.

ఆమె రాసే కంప్యూటర్ భాషకు పట్టింపు ఎక్కువ. ప్రతి వస్తువూ ఏ రకమైనదో ముందే చెప్పాలి. చెప్పని పేరు వాడితే పేజీ తయారుకాకముందే తప్పు పడుతుంది. రంగులూ కొలతలూ ఉండే స్టైల్‌షీట్లు మాత్రం ఆ భాషలో రాసినవి కావు. వాటిని ప్రాజెక్టులోకి ఇంపోర్ట్ చేయబోతే, ఇదేమిటో నాకు తెలియదని మొరాయిస్తుంది. అందుకు చాలామంది వాడే ఉపాయం ఒకటుంది. ఇలాంటి ఫైలు ఏది వచ్చినా సరేననీ, అందులో ఏ పేరు అడిగినా ఉన్నట్టేననీ వేరేచోట ఒక్క హామీ వాక్యం రాసిపెట్టడం. వైదేహి రెండేళ్ళ కిందట ఆ వాక్యం రాసింది. భాష మరి మాట్లాడలేదు.

మొన్న శ్రావణంలో ఆమె స్టైల్‌షీట్లన్నీ సర్దింది. ప్రమాదానికి ఎరుపు వేసే నియమాన్ని ఒక షీటులోంచి తీసి ఉమ్మడి షీటులో పెట్టింది. చెరువు పేజీ మాత్రం ఆ నియమం పేరును పాత షీటులోనే అడుగుతూ ఉండిపోయింది. లేనిదాన్ని అడుగుతున్నా భాష తప్పు పట్టలేదు. ఉందని హామీ ఇచ్చింది ఆమే కదా. ఆమె పేజీ తెరిచి చూసిన రోజున చెరువులన్నిటా ఆక్సిజన్ బాగానే ఉంది. అంకెలు నల్లగా ఉండాలి, అలాగే ఉన్నాయి.

తరవాత నాలుగు రోజులు ముసురు పట్టి, ఎండ లేక నీటిలో ఆక్సిజన్ తగ్గుతూ వచ్చింది. అయిదో ఉదయం అబ్బులు అనే రైతు ఫోను చూసుకుని, అంకె నల్లగానే ఉందని టీ తాగడానికి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి రొయ్యలు గట్టు వెంబడి తేలి ఉన్నాయి. సగం చెరువు పోయింది.

సుధీర్ ఫోన్ చేశాడు. "వైదేహిగారూ, సిగ్నల్ లేక పాత రీడింగే కనబడిందని అబ్బులుగారితో చెప్పేనండి. నమ్మేసేరు. ముసురు కదండీ, ఎవరైనా నమ్ముతారు. ఆ ఎరుపు సంగతి మీరు నెమ్మదిగా సరిచేసెయ్యండి."

"కొత్త రీడింగే వచ్చిందండీ. రెండు పాయింట్ ఆరు. ఎర్రగా రావలసింది నల్లగా వచ్చింది."

"అది మనిద్దరికీ తెలుసండీ. మూడో మనిషికెందుకూ?"

సరిచేయడం రెండు నిమిషాల పని. ఆమె వెంటనే చేసింది. మనసు మాత్రం కుదుటపడలేదు.

ఆమె తండ్రి గౌరీశంకరం గారు ఘనపాఠి. వేదపరీక్షకు పరీక్షాధికారిగా వెళ్ళి, ఒక అభ్యర్థిని నిలిపివేసి ఆ పూటే ఇంటికి చేరారు.

"రాలేదా నాన్నగారూ అతనికి?" అన్నం వడ్డిస్తూ అడిగింది.

"మొదటి పన్నం నుంచి వరసగా గుక్కతిప్పుకోకుండా చెప్పుకుపోయాడు. ఆపి, మధ్యలోంచి ఎత్తుకోమన్నాను. అంతే, ఎత్తుకోలేకపోయాడు. అంతా వచ్చని గురువుగారు ఉత్తరం రాసిచ్చేరుట! ఆ ఉత్తరం చేత వల్లె వేయించనా?"

"అబద్ధం రాసేరంటారా?"

"అబద్ధం కాదమ్మా. వినకుండా రాసేరు."

వైదేహి గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "నేనూ అలాంటి ఉత్తరమే ఒకటి రాసేను నాన్నగారూ. అడగవలసినదాన్ని అడగొద్దని."

ఆయనకు అర్థం కాలేదు. "ముందు పులుసు పొయ్యి" అన్నారు.

మర్నాడు ఆమె ముమ్మిడివరం వెళ్ళింది. అబ్బులు గట్టు మీద వల ఆరబెడుతున్నాడు.

"సిగ్నల్ ఉందండీ అబ్బులుగారూ. అంకె సరిగ్గానే వచ్చింది. ఎర్రబడకపోవడం నా తప్పు."

అతను వల వదిలి నీళ్ళకేసి చూశాడు. "ఇరవయ్యేళ్ళు నీళ్ళ రంగు చూసే పెంచేనండి. మీరొచ్చి ఫోను రంగు చూడమన్నారు. చూసేను."

అతను పక్క చెరువుకేసి చెయ్యి చూపించాడు.

"రెండో చెరువు ఇంకా ఉందండి. ఇప్పుడు దేన్ని చూడమంటారు?"

"పదిరోజులు ఫోను రంగు నమ్మకండి. నీళ్ళే చూడండి. అంకె నాలుక్కి దిగితే, ఏ రంగులో ఉన్నా ఏరియేటర్లు వేసెయ్యండి."

"పదిరోజుల తరవాతండీ?"

"నేనే వచ్చి చెబుతాను."

"ఆయ్. సిగ్నల్ ఉంటేనాండీ?"

ఆ ఎత్తిపొడుపుకు ఆమె తల వంచింది.

దీన్ని గొప్పదనం అనడానికి లేదు. నిజం చెప్పినందువల్ల పోయిన రొయ్యలు రాలేదు. సుధీర్ వారంపాటు ముభావంగా ఉన్నాడు. కొత్త పేజీ ఒకటి ఇవ్వవలసిన గడువు దాటిపోయింది.

ఆమె చేసింది ఇది. ఆ హామీ వాక్యాన్ని తీసేసింది. భాష నలభైమూడు చోట్ల తప్పు పట్టింది. ఒక్కో స్టైల్‌షీటు తెరిచి, అందులో నిజంగా ఉన్న పేర్లు మాత్రమే చూసి, ఇవే ఉన్నాయని దేనికి దానికి విడిగా ప్రకటన రాసింది. లేని పేర్లు మరో రెండు బయటపడ్డాయి. అంకెలను తానే కావాలని తగ్గించి, ఒక్కో పేజీ ఎర్రబడే దాకా చూసింది. పదకొండో రోజు ఉదయం ముమ్మిడివరం బస్సెక్కింది.