వెనక నడిచే మాస్టారు

మా మాస్టారు పోయారని బుధవారం పొద్దున్న పాస్టరుగారి భార్య వచ్చి చెప్పింది. అమ్మ అరుగు మీద చోళ్ళు చెరుగుతోంది. ఆ మాట విని కూడా చేట ఆపలేదు. "నిద్రలోనే పోయారమ్మా. మధ్యాహ్నం ప్రార్థన చేసి తీసుకెళ్తాం" అని ఆవిడ మళ్ళీ చెప్పింది. అమ్మ పొట్టు ఊదుకుంది. వచ్చినావిడ నా వైపు చూసి వెళ్ళిపోయింది. మా అమ్మ ఆయన్ని ఎంతగా అసహ్యించుకుందో రాయగడలో మన తెలుగు వీధుల్లో తెలియనివాళ్ళు లేరు.

పోయినవాళ్ళ కళ్ళు చారెడు అంటారు. ఈ రెండు మూడు రోజులుగా ఎవరు ఎదురుపడినా ఆయన ఎంత మంచివారో నాకు చెబుతున్నారు. వింటుంటే ఒళ్ళు మండుతోంది. ఒకప్పుడు ఆయన బడి నుంచి పిల్లల్ని మాన్పించినవాళ్ళూ వీళ్ళే. అందుకని ఆయన గురించి నాకు తెలిసింది నేనే రాస్తున్నాను.

ఒరిస్సా వేరే రాష్ట్రమై మా కొరాపుట్ జిల్లా అందులోకి వచ్చిన కొత్తలో ఆయన కోస్తా నుంచి ఇక్కడి తెలుగు బడికి వచ్చారు. పెళ్ళి చేసుకోలేదు. పాఠం కంటే నడక ఎక్కువ నేర్పారు. శనివారం ఒంటిపూట బడి అవగానే గొడుగు చంకలో పెట్టుకుని లోయలోకి బయల్దేరేవారు. ముందు మేము, వెనక ఆయన. "ముందు నడిచేవాడికి దారి కనపడుతుంది. వెనక నడిచేవాడికి పిల్లలు కనపడతారు" అనేవారు. కోటు జేబులో పొడుం డబ్బా ఉండేది. అందులో పొడుం బదులు క్వినైన్ బిళ్ళలు. చలిజ్వరాల లోయ అది. బిళ్ళ మింగి, నోరు తెరిచి చూపిస్తేగానీ అడుగు వేయనిచ్చేవారు కాదు.

కొండవాళ్ళ కాలిబాటలు, సాల చెట్ల మధ్య నుంచి పోయే రైలు కట్ట, వాగు మీది పాత వంతెన, ఆ పైన జలపాతం, అన్నీ ఆయన వెనక ఉన్నారన్న ధైర్యంతోనే చూశాను. వంతెన కింద నిలబెట్టి తలెత్తి చూడమనేవారు. "దీన్ని కడుతూ ఎంతమంది జ్వరాలతో ఇక్కడే ఉండిపోయారో. బండిలో పోయేవాడికి మాత్రం ఇది కాసేపు చప్పుడు, అంతే" అనేవారు. జలపాతం దగ్గరికొస్తే మనిషి మారిపోయేవారు. "ఇక్కడ ఎవరి మాటా ఎవరికీ వినపడదు. గొప్పలు చెప్పుకునేవాళ్ళు ఇప్పుడే చెప్పేసుకోండర్రా" అని ఆటపట్టించేవారు.

కార్తీకంలో బడి వనభోజనం కూడా ఆ జలపాతం దగ్గరే. ఆయన క్రైస్తవులు. "ఉసిరిచెట్టుకి దండం మీరు పెట్టుకోండి, పొయ్యి సంగతి నేను చూస్తా" అనేవారు. స్వరాజ్యం వచ్చిన మరుసటేడు వనభోజనానికి మా ఇంటి నుంచి పెద్ద ఇత్తడి తపేలా వెళ్ళింది. అది అమ్మ పుట్టింటిది. అప్ప అని నేను పిలిచే మా అక్క చేతికి ఇస్తూ అమ్మ, "పోగొట్టుకొచ్చేవంటే గుమ్మం తొక్కనీను, సెప్తన్నాను" అంది. ఏ తల్లయినా అనే మాటే. అప్పకి పదమూడేళ్ళు. నేను ఇంకా చిన్నదాన్ని.

భోజనాలయ్యాక పైకొండల్లో వాన పడింది. మా మీద చినుకు లేదు గానీ వాగు ఎర్రగా పొంగింది. పొద్దున్న మోకాళ్ళు తడవకుండా దాటిన చోట చెట్టు కొమ్మలు కొట్టుకుపోతున్నాయి. మాస్టారు చాలాసేపు ఒడ్డున నిలబడ్డారు. నీరు తగ్గలేదు, పొద్దు వాలుతోంది. ఎలుగులు తిరిగే అడవిలో పిల్లలతో రాత్రి గడపడమా, రైలు వంతెన మీంచి దాటించడమా? వంతెనే అన్నారు. ఆ వేళకి బండి లేదు. అయినా పట్టాకి చెవి ఆనించి విన్నారు. అవతలి మలుపు చూడాలని ఆ ఒక్కసారి తను ముందు నడిచారు. పెద్దదని మా అప్పని అందరికీ వెనక ఉంచారు.

స్లీపర్ల సందుల్లోంచి కింద నీళ్ళు కనపడేసరికి నా కాళ్ళు కదల్లేదు. అప్ప తపేలా ఒడ్డునే పెట్టి, నన్ను రెండు చేతులా పట్టుకుని నడిపించింది. బండి వస్తే పక్కకి తప్పుకోవడానికి వంతెన మీద చిన్న అరుగులు కట్టి ఉంటాయి. అలాంటి ఒక అరుగు మీద నన్ను కూర్చోబెట్టి, "కదలకు. తపేలా తెచ్చేస్తాను. అమ్మ సంపేస్తాది" అని వెనక్కి వెళ్ళింది. తపేలా తీసుకుని తిరిగి వంతెన మీద కొంతదూరం వచ్చింది. అప్పుడు ఆమె వెనక, కొండ మలుపులోంచి ఒంటి ఇంజను వచ్చింది. మాస్టారు అవతలి ఒడ్డు నుంచి పరుగెత్తుకొచ్చారు. "పారెయ్! పారేసి రా తల్లీ!" అని అరుస్తూనే ఉన్నారు. అప్ప పారెయ్యలేదు. ఆయన నా అరుగు దాకా రాగలిగారు. నా మొహాన్ని తన కోటుకేసి నొక్కేశారు.

ఇంటికొచ్చే దారిలో, తపేలా ఇస్తూ అమ్మ ఏమందో నా దగ్గర విని, నాతో ఒక్క మాటే అన్నారు. "తపేలా సంగతి అమ్మతో అనకు. చెప్పాల్సింది నేను చెబుతాను." మా గుమ్మంలో నిలబడి, "నేను వెనక ఉండాల్సినవాణ్ణి. ఉండలేదు" అన్నారు. అబద్ధం కాదు. సగం నిజం. అమ్మ ఆయన మీద పడి కోటు చింపేసింది. మర్నాడు, ఆ వేళ దూరంగా కట్ట మీద పనిలో ఉన్న లైను మనిషొకడు నొక్కుకుపోయిన తపేలా తెచ్చి అమ్మకి ఇచ్చి, ఏదో చెప్పి వెళ్ళాడు.

ఆ తరవాత ప్రతి ఆదివారం ఆయన చర్చి నుంచి నేరుగా మా ఇంటి ముందుకొచ్చి నిలబడేవారు. అమ్మ వీధిలోకి వచ్చి, తన గుంటని, అంటే కూతుర్ని, తెచ్చిమ్మని తిట్టేది. "నువ్వు తింటన్నావు, తొంగుంటన్నావు. నా గుంటేది? నా గుంటని నాకు తెచ్చీ!" తిట్టి తిట్టి ఆమె అలిసిపోయాక ఆయన వెళ్ళిపోయేవారు. ఒకసారి నాన్న ఉండబట్టలేక అడిగాడు.

"ఎందుకొస్తన్నారు మేస్టారూ? ఈ తిట్లు తిండానికేటి?"

"నేను రాకపోతే ఆవిడ ఎవర్ని తిట్టుకుంటుంది నాయుడుగారూ?"

కొన్నేళ్ళకి తిట్లు ఆగాయి. ఆయన్ని చూడగానే అమ్మ తలుపు వేసేసేది. ఆయన రావడం మానలేదు. లోయకి మాత్రం మళ్ళీ పిల్లల్ని తీసుకెళ్ళలేదు. నేను చదువుకుని అదే బడిలో చేరాక, "ఇకనైనా అమ్మకి చెప్పేద్దాం మాస్టారూ" అని అడిగాను. "నామీద కోపం నన్నేం చేసిందమ్మా? అన్నం తింటున్నాను, పాఠం చెబుతున్నాను. అదే కోపం ఆవిడ తనమీదకి తిప్పుకుంటే బతుకుతుందా?" అన్నారు. నాకు ఆయన మీదే కోపం వచ్చింది. అంత మంచితనం పక్కన మసిలేవాళ్ళకి ఊపిరాడదు. ఇప్పుడు ఆ కోపం కూడా లేదు, దిగులే ఉంది.

బుధవారం మధ్యాహ్నం సమాధుల తోటలో కొద్దిమందే ఉన్నారు. మెల్లగా పాట పాడుతున్నారు. పెట్టె దింపబోతుండగా అమ్మ వచ్చింది. మావైపు ఆడవాళ్ళు పోయినవాళ్ళ దగ్గర ఊరికే ఏడవరు. వరస పెట్టి పిలిచి, రాగం తీసి, ఉన్నదంతా చెప్పుకుని ఏడుస్తారు. ఏ వరసా కానివాళ్ళకి ఆ ఏడుపు ఉండదు. అమ్మ పెట్టె పక్కన కూలబడి, "ఓ తమ్ముడా!" అని ఎత్తుకుంది. పాట ఆగిపోయింది.

"ఓ తమ్ముడా, తపేలా తెమ్మన్నది నాను, తమ్ముడా! గుమ్మం తొక్కనీనన్న నోరు నాదే, తమ్ముడా! దాని కోసమే గుంట ఎనక్కెల్లిందని ఆ లైనోడు ఆ మర్నాడే సెప్పేడు, నాకెరికే, తమ్ముడా! ఎవుల మీదో ఒకల మీద పడి ఏడవకపోతే నాను బతికీదాన్ని కాదు. నువ్వు నిలబడ్డావు, తమ్ముడా! ఇప్పుడు నానెవుల్ని తిట్టుకోవాల?"

ఆయన ఇన్నేళ్ళూ దాచింది అమ్మకి మొదటినుంచీ తెలుసు. తెలుసన్న సంగతి ఆయనకి తెలియకుండానే పోయింది. గొంతు పోయేదాకా అమ్మని ఎవరూ లేపలేదు.

పరాయివాళ్ళు పోతే తలారా స్నానం చేస్తే చాలు, మైల తీరిపోతుంది. సొంతవాళ్ళు పోతేనే మైల రోజుల్లో పోపు లేని వంట. అమ్మ బావి దగ్గర స్నానం చేసి వచ్చింది. సాయంత్రం నేను పప్పులోకి పోపు పెట్టబోతే మూకుడు దించేసింది.

"తమ్ముడు పోయిన ఇంట్లో పోపేటే అమ్మీ?" అంది.

అప్పటినుంచి మా వంటింట్లో ఆవాలు చిటపటలాడలేదు. ఉడికించిన పప్పు, గంజి అన్నం. నాన్న అదే తిని లేస్తున్నాడు. అమ్మ ఆ చప్పటి ముద్దని చేతిలో పట్టుకుని, నోటి దాకా ఎత్తకుండా, చాలాసేపు కూర్చుంటోంది.