డానీ దగ్గర ఆగాలి

ఈ ఆదివారం పొద్దున ఇడ్లీ పిండి ప్లేట్లలో వేస్తుంటే అలమరలో గాజు గ్లాసులు సన్నగా మోగాయి. ఏమిటా అని తలెత్తేలోపే ఇంటి మీదుగా ఆ హోరు వినిపించింది. నాలుగు ఇంజన్ల పాతకాలపు యుద్ధ విమానం. చలికాలంలో పక్క ఊళ్ళో విమానాల ప్రదర్శన పెడితే ఒకటో రెండో ఇలా వస్తుంటాయి. ఇడ్లీలు పొయ్యి మీదికి ఎక్కించి పెరట్లోకి పరుగెత్తాను. అది కనుమరుగయ్యాక కూడా పక్కింటి గోడ వైపే చూస్తూ నిలబడిపోయాను. ఆ గోడ అవతల ఇప్పుడు వేరేవాళ్ళు ఉంటున్నారు. మంచివాళ్ళే పాపం, కానీ వాళ్ళ మీద నాకు అకారణంగా కాస్త కోపం.

మేము చాండ్లర్‌లో ఈ ఇంటికి వచ్చింది 2006లో. మావారు పొద్దున్నే కంప్యూటర్ చిప్‌ల కంపెనీకి వెళ్ళిపోయేవారు. నా వీసా మీద ఉద్యోగం చేసే వీలు లేదు, మా స్నిగ్ధకి ఇంకా బడికి వెళ్ళే వయసు రాలేదు. మాట్లాడే మనిషి లేక నా నోరు తుప్పు పట్టిపోతున్న రోజుల్లో గోడ మీద ఒక బట్టతల, ఒక సంచీ నారింజలు కనిపించాయి. ఆయనే వాల్టర్. స్టూలు ఎక్కితే గాని గోడ మీంచి కనపడనంత పొట్టి మనిషి. ఎనభై దాటినా స్నిగ్ధకి 'వాల్ట్ అంకుల్' అయిపోయారు. భార్య పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. నేనిచ్చిన ఇడ్లీ మీద తేనె పోసుకు తిని, అద్భుతం అన్నారు. ఆ అపచారాన్ని నేనింకా పూర్తిగా క్షమించలేదు.

ఒక ఆదివారం ఆయన వరండాలో ఫోను స్పీకర్‌లో పెట్టుకుని కూర్చున్నారు. అందులోంచి ఒక ముసలి గొంతు ఏవేవో పిలుస్తోంది. కొన్నింటికి జవాబు లేదు. జవాబు రాకపోయినా ఆ గొంతు కాసేపు ఆగి, తర్వాతి పిలుపుకి వెళుతోంది. "బాల్?" అనగానే మా వాల్టర్ బడిపిల్లాడిలా నిటారుగా కూర్చుని "ఓకే" అన్నారు. ఏ బ్యాంకు కస్టమర్ కేరో అనుకున్నాను. ఫోను పెట్టేశాక ఉండబట్టలేక అడిగేశాను. ఆయన ఇంగ్లీషులో చెప్పిందంతా నాకు తెలుగులోనే గుర్తుండిపోయింది.

"రెండో ప్రపంచ యుద్ధంలో నేను బాంబర్ విమానంలో పనిచేశాను. అంత ఎత్తున గాలి చాలదు, అందరికీ ఆక్సిజన్ గొట్టాలుంటాయి. చలికి గొట్టంలో మంచు అడ్డుపడితే మనిషికి తెలియను కూడా తెలియదు, నిద్రపోయినట్టే పోతాడు. అందుకని మాటిమాటికీ మా పైలట్ అందర్నీ పిలిచేవాడు, పేరుతో కాదు, ఉండే చోటుతో. బతికున్నవాళ్ళని ఇప్పటికీ ప్రతి ఆదివారం ఫోనులో అలాగే పిలుస్తాడు. తోకలో ఉన్నవాడు టెయిల్, మధ్యలో తుపాకీ దగ్గరుండేవాడు వెయిస్ట్. విమానం పొట్ట కింద గాజు బుడగలో ముడుచుకునే నేను బాల్."

"పలకకపోతే?"

"ఎవరో ఒకరు వెళ్ళి చూడాలి. అదే రూలు."

ఆ రూలు వెనక ఉన్న మనిషి గురించి ఇంకోరోజు, నారింజలు కోస్తూ చెప్పారు. ఒకసారి "బాల్?" అంటే ఈయన పలకలేదు. వెయిస్ట్‌లో ఉండే డానీ వెళ్ళాడు. చేత్తో పట్టుకెళ్ళే చిన్న ఆక్సిజన్ సీసా తగిలించుకుని వెళ్ళి, ఈయన్ని పైకి లాగి, తన మాస్కు తీసి ఈయన ముఖానికి పెట్టాడు. చుట్టూ శత్రువుల విమానాలు, మిగతావాళ్ళు తుపాకులు వదిలి రాలేరు. డానీకి వెనక్కి వెళ్ళి తన గొట్టం అందుకునే ఓపిక మిగల్లేదు. మళ్ళీ పిలుపు వచ్చేసరికి "వెయిస్ట్?" అంటే ఎవరూ పలకలేదు. "బాల్?" అంటే ఈయన కళ్ళు తెరిచి "ఓకే" అన్నారు. డానీ ఈయన ఒళ్ళోనే ఉన్నాడు.

"పంతొమ్మిదేళ్ళవాడు. పెళ్ళి కాలేదు, పిల్లల్లేరు. ఇప్పుడు వాడు ఉన్నదల్లా వాడి పిలుపు దగ్గర మేము ఆగే ఆ కాసేపట్లోనే" అన్నారు. నేను తినబుద్ధి కాని నారింజ ఒలుస్తూ కూర్చున్నాను.

ఏళ్ళు గడిచేకొద్దీ ఫోనులో 'ఓకే'లు తగ్గిపోయాయి. పిలిచే పైలట్ పోయారు, ఆ పని వాల్టర్‌కి వచ్చింది. చివరికి టెయిల్ కూడా పోయాడు. ఆ వారం నుంచి ఆయన వరండాలోకి రావడం మానేశారు. స్నిగ్ధ వెళ్ళి ముఖం వేలాడేసుకుని వచ్చింది. "అమ్మా, వాల్ట్ అంకుల్ డోర్ ఓపెన్ చేయట్లేదు. ఐ నాక్డ్ సో మెనీ టైమ్స్!"

నేనే వెళ్ళి తలుపు తీసేదాకా బాది, ఏమిటీ మొండితనం అని కసిరాను.

"ఇంకెవర్ని పిలవను?" అన్నారు. "నేను పోయాక డానీ దగ్గర ఆగేవాళ్ళు ఎవరు?" ఆయన ముఖంలో అంత భయం నేను ముందెప్పుడూ చూడలేదు.

మరుసటి ఆదివారం నేనే స్టూలెక్కి గోడ మీంచి పిలవడం మొదలుపెట్టాను. ఇన్నేళ్ళు వినీ వినీ వరస నోటికి వచ్చేసింది. కాసేపటికి ఆయన వరండాలోకి వచ్చి నిలబడ్డారు. నేను "వెయిస్ట్?" అని, వెంటనే తర్వాతిది అందుకోబోయాను.

"తొందరపడుతున్నావు" అన్నారు వాల్టర్. "అక్కడ ఒక నిండు ఊపిరి తీసుకునేంత సేపు ఆగాలి."

ఆగాను. తర్వాత "బాల్?" అన్నాను. ఆయన గొంతు సవరించుకుని "ఓకే" అన్నారు. ఆ తర్వాత ప్రతి ఆదివారం అంతే, ఊళ్ళో ఉంటే గోడ మీంచి, లేకపోతే ఫోనులో.

నారింజలు పూత మీదున్న ఒక ఆదివారం "బాల్?" అంటే పలకలేదు. వినబడే మిషను పెట్టుకోలేదేమో అనుకుని మళ్ళీ పిలిచాను. పలకకపోతే ఎవరో ఒకరు వెళ్ళాలి కదా, వెళ్ళాను. వరండా కుర్చీలో, గోడ వైపు ముఖం పెట్టి ఉన్నారు. ఆయనకి ఇవ్వడానికి నా దగ్గర ఏ సీసా లేదు. అంబులెన్స్ వచ్చేదాకా చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

ఆయన గొంతు మీద బెంగ ఇంతకాలమైనా తీరలేదు. ఈ పొద్దున కూడా, విమానం హోరు ఆగిపోయాక గోడ దగ్గరికి వెళ్ళాను. లోపల్నుంచి స్నిగ్ధ, "అమ్మా, ఇడ్లీ ఓవర్‌కుక్ అయిపోతోంది!" అని అరిచింది. అరిస్తే అరవనీ అనుకుని వరసగా పిలిచాను. డానీ దగ్గర నిండుగా ఒక ఊపిరి తీసుకున్నాను. తర్వాత "బాల్?" అన్నాను. అక్కడ ఎంతసేపు ఆగాలో ఆయన నాకు చెప్పలేదు.