వినాయకుడి బండిని పట్టించిన భక్తుడు

వినాయకుడి వాహనాన్ని మున్సిపాలిటీ చేత పట్టించిన భక్తుడు నానక్‌రామ్‌గూడలో ఇప్పటికి ఒక్కడే ఉన్నాడు. మీరు చదువుతున్నది అతని వాంగ్మూలమే.

అప్పటికి నేను గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. పొద్దస్తమానం ఇతరుల తప్పులు వెతకడమే ఉద్యోగం. ఆ సంగతి తెలిసి మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ మూర్తిగారు, "బాబూ, ఈసారి నిమజ్జనం ఊరేగింపులో మున్సిపల్ రూల్స్ నువ్వు చూసుకోవాలయ్యా" అన్నారు. సెక్రటరీగా ఆయనకది మొదటి ఊరేగింపు. మాట రాకూడదని ఆయన భయం.

నేను ఆకుపచ్చ జాకెట్ ఒకటి, విజిల్ ఒకటి కొన్నాను. డీజే వద్దన్నాను. ప్లాస్టిక్ దండలు వద్దన్నాను. ట్రాక్టరుకు మా అపార్ట్‌మెంట్ పేరుతో ఫ్లెక్సీ కడతామంటే అదీ వద్దన్నాను. దాంతో అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అందరూ నన్ను తిట్టడం మొదలుపెట్టారు. నేను గ్రూపును మ్యూట్ చేశాను.

నిమజ్జనం ఆదివారం. మధ్యాహ్నం విజిల్ మెడలో వేసుకుని కిందికి దిగితే, గేటు పక్కన ఫుట్‌పాత్‌ను మొత్తం ఆక్రమించి ఖాళీ ట్రాలీతో ఒక ట్రాక్టరు. దరిదాపుల్లో మనిషి లేడు. నా రక్తం ఉడికిపోయింది. మూడు వైపుల నుంచి ఫోటోలు తీసి మున్సిపాలిటీ యాప్‌లో 'అత్యవసరం' అని ఫిర్యాదు పెట్టాను. మామూలుగా వాళ్ళు రావడానికి పది రోజులు పడుతుంది. ఆ రోజు ఊరేగింపుల డ్యూటీలో ఉండి పది నిమిషాల్లో వచ్చారు. బండిని లాక్కుపోతుంటే మా బాల్కనీ నుంచి చూసి, తృప్తిగా భోజనానికి కూర్చున్నాను.

మూడు గంటలకు మూర్తిగారు రొప్పుతూ వచ్చారు.

"బాబూ, మన ట్రాక్టరు పట్టుకుపోయారు. గేటు దగ్గర పెట్టామని గ్రూపులో రాశాను కదయ్యా."

ఫ్లెక్సీ ఉండి ఉంటే నాకూ తెలిసేది. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. ఇక్కడ వినాయకుడు లక్షణంగానే ఉన్నాడు, కోతిని నేనే అయ్యాను.

ట్రాక్టరు యాదగిరన్నది. ఖాజాగూడ మనిషి. మేం వెళ్ళేసరికి మున్సిపాలిటీ వార్డు ఆఫీసు ముందు తలపట్టుకుని కూర్చున్నాడు.

"చాయ్ తాగొచ్చేలోపు బండి మాయం సార్. ఎవడో ఫోటో కొట్టి పెట్టిండంట. గా పుణ్యాత్ముడు దొరకాలె, నా ట్రాలీలనే కూసోబెట్టి తీస్కపోయి చెర్ల ముంచుత."

"వదలకూడదన్నా" అన్నాను నేను.

లోపల కౌంటర్లో ఉన్న మేడమ్ నిదానంగా చెప్పింది. "ఫిర్యాదు పెట్టినోళ్ళు ఒప్పుకుంటేనే క్లోజ్ అయితది. వాళ్ళ ఫోన్‌కు ఓటీపీ పోతది. అది చెప్తే బండి తీస్కపోండ్రి."

"ఆ నంబరు ఎవరిదండి?" అని మూర్తిగారు చేతులు జోడించారు. "ఆరు దాటితే చెరువు దగ్గర క్రేన్ ఆపేస్తారండి. స్వామిని మళ్ళీ లిఫ్టులో పైకి ఎక్కించాలండి."

"పేరు బయట చెప్పొద్దు. రూల్."

"మంచి రూల్ మేడమ్" అన్నాను.

ఆవిడ బటన్ నొక్కింది. నా జేబులో ఫోన్ టింగుమంది. గ్రూపును మ్యూట్ చేసిన మేధావిని, మెసేజీలను మాత్రం వదిలేశాను.

"నీకేదో వచ్చినట్టుంది బాబూ."

"ఆఫీసు నుంచండి."

"ఆదివారమా?"

"రాలేదా? మళ్ళ పంపిస్త" అంది మేడమ్. మళ్ళీ టింగుమంది.

యాదగిరన్న లేచి నా ముందుకొచ్చాడు. నా జాకెట్‌ని, విజిల్‌ని, జేబుని వరసగా చూశాడు.

"చెప్పు సార్" అన్నాడు మెల్లగా.

ఆరు అంకెలూ చదివాను. నా టెన్త్ మార్కులు కూడా అంత చిన్న గొంతుతో చదవలేదు.

ఆరు కావడానికి ఇంకా కొన్ని నిమిషాలుండగా స్వామి నీళ్ళలోకి దిగాడు. యాదగిరన్న నన్ను ముంచలేదు. అన్న మాట ప్రకారం ట్రాలీలో మాత్రం కూర్చోబెట్టాడు, దారి పొడవునా అందరికీ కనిపించేలా. తిరిగి వస్తుంటే మెసేజ్ వచ్చింది: 'మీ సమస్య పరిష్కరించబడింది. మీరు తృప్తి చెందారా?'

ఈ చేతులతో ఇక ఏ బండికీ ఫోటో తీయనని ఆ గణనాథుడి మీదే ఒట్టేశాను. ఏటా నిమజ్జనం రోజు ట్రాలీకి కాపలా నేనే. ట్రాలీ ఇప్పటికీ ఆ ఫుట్‌పాత్ మీదే ఆగుతుంది. నా ఒట్టు మీద అందరికీ నమ్మకమే, కాకపోతే ఆ రోజు పొద్దున్నే మూర్తిగారు వచ్చి నా ఫోన్ తీసుకుని తన జేబులో పెట్టుకుంటారు.