మీటింగులో ఎవరో తెలియని మగమనిషి

మార్కాపురంలో మా ఆఫీసు చేసేది జీవాల వైద్యం. పల్లెల్లో గొర్రెకో మేకకో జబ్బు చేస్తే, ఆ ఊళ్లో మాకు పనిచేసే ఆడమనిషి ఫోను తీసుకుని దొడ్లోకి వెళ్లి వీడియో మీటింగు కలుపుతుంది. పొదిలిలో కూర్చున్న డాక్టరుగారు జీవాన్ని చూసి మందు చెబుతారు. ఈ ఆడవాళ్లు ఎంతసేపు పనిచేశారో ఇన్నాళ్లూ నాకు ఫోన్లో చెప్పేవాళ్లు, నేను పుస్తకంలో ఎక్కించేదాన్ని. ఈ బాదరబందీ ఎందుకని మా సారు పనిగంటలు లెక్కకట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి తెప్పించి, దాన్ని మీటింగు యాప్‌తో కలిపే పని నా నెత్తిన పెట్టారు. ఆఫీసులో అడ్మిన్‌ని నేనే మరి.

నాకు ఆరా ఎక్కువ. అనుమతి పేజీ వస్తే అందరూ చదవకుండా సరే కొట్టేస్తారు, నేను ప్రతి లైనూ చదివాను. మీటింగులోకి ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎప్పుడు వెళ్లారు, ఏ మెయిల్‌తో వచ్చారు, ఇవి మాత్రం తనకు కావాలంది. లోపల ఏం మాట్లాడుకున్నారో దానికి అక్కర్లేదట. పెళ్లికి వచ్చి, పెళ్లికొడుకు మొహం కూడా చూడకుండా పంక్తిలో ఎంతమంది కూర్చున్నారో లెక్కబెట్టుకునే మనిషిలా అనిపించి నవ్వొచ్చింది. మెయిల్ రెండు చోట్లా ఒకటే అయితే గంటలు వాటంతట అవే వచ్చి ఆ మనిషి పేరు పక్కన పడతాయి. అంతే కదా అనుకుని కలిపేశాను.

అందరికీ గంటలు పడ్డాయి. వెలిగండ్ల వైపు పల్లెలో పనిచేసే ఆమెకు మాత్రం సున్నా. రోజూ సున్నాయే. జాబితా అట్టడుగున మాత్రం మా మనుషుల్లో ఎవరికీ చెందని ఒక మగమనిషి పేరు కనిపించింది. ఎవరో తెలియదు, కానీ అందరికంటే ఎక్కువసేపు మా మీటింగుల్లోనే ఉంటున్నాడు. ఎవరితను? మందుల కంపెనీ వాడా? ఊరికే గొర్రెలను చూడ్డానికి ఇంత ఓపిక ఎవరికుంటుంది? నాకు అన్నం సహించలేదు.

ఈలోగా ఒకామెకు గంటలు పడటం లేదని సారుకు చెప్పాను. ఎవరని కూడా అడగలేదాయన. "శనివారం దాకా చూద్దాం. అప్పటికీ సున్నాయే ఉంటే ఆమెను పనిలోంచి ఆపేద్దాం" అన్నారు. నాకు ఒళ్లు మండింది. కానీ ఆ వింత మనిషి సంగతి తేలకుండా ఏమని వాదించను?

మర్నాడు పొద్దున ఆ పేరు మీటింగులో కనబడగానే చప్పుడు చేయకుండా నేనూ చేరాను. తెర మీద కింద మగపేరు. పైన గాజుల చేతులు మేక నోరు తెరిచి పట్టుకుని ఉన్నాయి. "నోట్లో పుండ్లు లేచినాయి సార్, రెండు దినాల్నుంచి మేత ముట్టలేదు" అంటోంది గొంతు. వెలిగండ్ల వైపు ఆమె గొంతే!

మీటింగు అయ్యాక ఫోను చేశాను.

"చెల్లీ, నీ ఫోన్లో ఎవరి పేరు పెట్టుకున్నావు?"

"మా ఇంటాయనదక్కా. యాప్ సెల్లు దుకాణంలో ఏపిచ్చినాం. ఫోను ఎవరిదని దుకాణమాయన అడిగినాడు. ఆయనదే గదా, ఆయన పేరే పెట్టినాడు."

"నాకు ఇక్కడ కనబడుతున్నది ఆయన పేరేనో కాదో చూసుకోవాలి. ఒకసారి చెప్పు."

అటువైపు నవ్వు. "నేనెట్ల చెప్పేదక్కా! అత్తా, నీ కొడుకు పేరేందో చెప్పు, ఆఫీసు అక్క అడుగుతాంది."

అత్త పొలం అవతలి గట్టు మీదున్న కొడుకును కేకేసినట్టు చెప్పింది. నా చెవి గింగురుమంది. మా అమ్మ కూడా ఇంతే, రేషను షాపులో మా నాన్న పేరు నాచేతే చెప్పించేది.

సున్నాకు కారణం దొరికింది. ఆమెకు మేమిచ్చిన ఆఫీసు మెయిల్ ఆ ఫోన్లో ఎక్కనే లేదు. ఇప్పుడు తేలిక దారి ఒకటుంది. జాబితాలో ఆ మగమనిషి పేరు పక్కనే 'కొత్త ఉద్యోగిగా చేర్చు' అని బటన్. ఒక్క నొక్కుతో గంటలన్నీ ఆయన పేరున లెక్కలోకి వస్తాయి, శనివారం గండం గడుస్తుంది. ఇల్లు ఒకటే కదా అని ఆమెనే అడిగాను.



"అట్ల వద్దక్కా" అంది. "ఆయన జీవాల్ని తోలుకొని కొండకు పోతాడు. దొడ్లో కూర్చునేది నేను. నా గంటలు నాకే పడాల."

మొగుడి పేరు పలకడానికి సిగ్గుపడిన గొంతేనా ఇది అనిపించింది. చెప్పొద్దూ, భలే సంతోషమేసింది.

"మరి మీ ఆయనతో ఒక మాట అనవా?"

"నిన్ననే అన్నాడు. ఆ డాక్టరు మాటమాటకి నా పేరు ఏంటికి పిలుస్తాడు, దొడ్లో అందరూ నవ్వుతాండారు, తీపిచ్చెయ్ అని."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ సాయంత్రం ఆయన ఖాతా తీసేసి ఆఫీసు మెయిల్ ఎలా ఎక్కించాలో ఫోన్లోనే చెప్పాను. "ఆయన ఫోటోలు పోవు గదా?" అని మధ్యమధ్య అడుగుతూనే ఉంది. పోవని ఒట్టేశాను. తర్వాత పరీక్షకని ఇద్దరమే మీటింగులో చేరాం. తెర మీద కింద ఆమె పేరు, ఇంటిపేరుతో సహా పడింది. ఆమె దాన్ని పైకి చదివింది, బళ్లో పాఠం అప్పగించినట్టు.

పాత మీటింగులు వాటంతట అవి మారవు. ఆ మగమనిషి పేరున పడ్డవన్నీ అడ్మిన్ పేజీలో ఒక్కొక్కటిగా తెరిచి ఆమెకు మార్చాను. విసుగు పుట్టే పనే, కానీ ఎందుకో విసుగనిపించలేదు.

శనివారం సారు జాబితా తెరిచారు.

"అందరికంటే పైనున్న ఈమె ఎవరమ్మా? ఇంత పని చేస్తోంది!"

"మీరు ఆపేద్దామన్న ఆమే సార్" అన్నాను.