నవ్వించే మేస్త్రి

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. ఆ తర్వాత కూడా మా మిరపకోతల మేస్త్రి గురించి రాయలేకపోయాను. రాస్తే నేను నవ్విన సంగతీ రాయాలి.

అంతకుముందున్న మేస్త్రి అరిచేవాడు. మేమూ తిరిగి అరిచేవాళ్లం. ఈయన ఎన్నడూ గొంతు పెంచలేదు. తువ్వాలుతో మూతి తుడుచుకుని ఒక్క మాట అనేవాడు. చేనంతా నవ్వేది. ఏదన్నా అడిగినామె తలవంచుకుని తన సాలులోకి పోయేది.

ఒకరోజు తాగే నీళ్లు పాత పురుగుమందు డబ్బాలో తెచ్చాడు.

"వాసనొస్తన్నయ్ మేస్త్రీ" అన్నాను.

"మంచిదేగా అత్తా! నీ కడుపులో పురుగులు కూడా చస్తయ్. మందు ఖర్చు నాదేలే."

అందరూ నవ్వారు. దాహానికి అవే తాగాం. మధ్యాహ్నం నా పక్కన కోస్తున్న పొరుగింటి కోడలు వాంతి చేసుకుని కూలబడింది.

"ఏందమ్మాయ్, శుభవార్తా?" అన్నాడు.

మళ్లీ నవ్వులు. నేనూ నవ్వాను. ఆ పిల్ల మూతి తుడుచుకుంటూ నా వంకే చూసింది. అరిచేవాడి మీద తిరగబడొచ్చు. ఈ పెద్దమనిషి చెయ్యెత్తకుండా మా చేతే ఆ పిల్లను కొట్టించాడు.

మర్నాడు పొద్దున, ఎవరూ తాగకముందే, ఆ డబ్బా నీళ్లన్నీ గట్టున పారబోశాను.

"ఏందత్తా, గట్టు మీద నారు పోస్తన్నావా?"

కొందరు నవ్వారు. నేను గడ్డికని తెచ్చుకున్న కొడవలి తీసి డబ్బా అడుగు చీల్చేశాను.