ఓడ్వార్ కోత

ఓడ్వార్ ముసలాయనకున్న పిచ్చి ఒకటే. మంచు మీద స్కీలతో జారేటప్పుడు చేతులతో పొడిచే కర్రలు ఎవరివి కంటబడినా "పొడుగెక్కువైంది" అంటూ ఎత్తుకుపోయి కోసేస్తాడు. నార్వేలోని ఆ లోయలో ఇంటికి తాళం వేయనివాళ్లు కూడా కర్రలకు వేసేవాళ్లు. కర్రలు మంచులో గుచ్చి కాఫీకి వెళ్తే, తిరిగొచ్చేసరికి రెండు కన్నాలే మిగిలేవి.

ఒకసారి పాస్టరుగారివే పట్టుకుపోయాడు.

"దేవుడి పని మీద వెళ్తున్నానయ్యా!" అని ఆయన మొత్తుకున్నాడు.

"దేవుడికేం తొందర లేదు, రెండు రోజులాగండి. కోశాక మొన మళ్లీ అతికించాను, జిగురు ఆరాలి."

ఆ జిగురుదో పెద్ద కథ. లోకమంతా చిటికెలో పట్టే జిగురు వాడుతుంటే, ఈయనది రెండు రోజులకుగానీ ఆరదు. కొందరికైతే మూడు.

ఒకప్పుడు స్కీ పందేల్లో గెలిచి లోయకు మూడు కప్పులు తెచ్చిన మనిషే. ఇప్పుడు కుడిచెయ్యి భుజం దాటి లేవదు. టోపీ పెట్టుకోవాలంటే తలే వంగి చేతి దగ్గరికి రావాలి. ఆనాడు "ఇంకో చుట్టు! ఇంకో చుట్టు!" అని అరిచినవాళ్లే ఈనాడు ఆ టోపీ తంటా చూసి నవ్వుతారు. చప్పట్లు కొట్టిన చేతులకు ఏ నొప్పీ రాలేదు మరి.

ఆ ఊరి ఇంగ్విల్‌ది ఈసారి ఆడవాళ్ల స్కీ రిలేలో చివరి చుట్టు. నవంబరు నుంచి ఒక్క పూట మానకుండా సాధన చేసింది. భుజం సలిపి కాఫీ కెటిలు ఎడమచేత్తో ఎత్తుతోంది. పైకి చెబితే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. పోటీ పదకొండు రోజులుందనగా, శుక్రవారం పొద్దున ఆమె కర్రలు మాయమయ్యాయి.

ఉరుక్కుంటూ ఆయన కట్టెల కొట్టానికి వెళ్లింది. "తాతా, నా కర్రలేవి?"

"కోశాను. ఆదివారం రా."

"నీ చెయ్యి పోయిందని ఊరందరి చేతులూ కట్టేస్తావా?"

ఆ మాట ఎంత చేదో అన్నాక తెలిసింది. ఆయన జిగురు కలుపుతూనే ఉన్నాడు.

"సరే, ఎవరివైనా అరువు తెచ్చుకుంటా!"

"ఎవరివి తెస్తావు? సగం ఊరివి ఇక్కడే ఉన్నాయి."

ఈసారి ఆయన్ని ట్రాక్ దరిదాపులకు రానివ్వకూడదని స్కీ క్లబ్బుకు ఫిర్యాదు రాసింది. రెండు రోజులు పనిలేక తిని పడుకుంది. ఆదివారం కర్రలు తెచ్చుకుని, ఎంత కోశాడో కూడా ఫిర్యాదులో రాద్దామని మొగుడు స్టెయినార్‌కు టేపు ఒక కొస ఇచ్చింది.

నూట నలభై సెంటీమీటర్లు.

"సరిగ్గా పట్టుకో. కొన్నప్పుడు ఇంతే ఉండేది."

"సరిగ్గానే పట్టుకున్నానే!"

రెండోదీ నూట నలభైయే. రెంటికీ మొన ఊడదీసి, మళ్లీ అక్కడే అతికించాడు. ఇరవై ఏళ్లుగా లోయంతా ఆయన్ని తిట్టిపోసింది. టేపు పెట్టి కొలిచే ఓపిక మాత్రం ఒక్కరికీ లేకపోయింది.

ఇంగ్విల్ కాఫీ పెట్టింది. కెటిలు కుడిచేత్తో ఎత్తానని పోశాక గాని గమనించలేదు.

స్టెయినార్ మోచెయ్యి రుద్దుకుంటూ అన్నాడు: "రేపటి నుంచి రోజూ నలభై కిలోమీటర్లు కొట్టాలే."

ఆమె ఫిర్యాదు చింపి పొయ్యిలో పడేసింది. మొగుడి కర్రలు చంకన పెట్టుకుని కొట్టానికి నడిచింది.

"తాతా, ఇవి మరీ పొడుగు."

ఓడ్వార్ కర్రలు అందుకున్నాడు.

"ఎంత కొయ్యమంటావు?"

"మూడు రోజులు."